బొమ్మలో చూసిన ఊరు

మా అమ్మాయి పుస్తకాల సంచీలో ఎర్ర అట్ట నోట్సు ఒకటి ఉంది. చాలా రోజులు అది లెక్కల నోట్సనే అనుకున్నాను. 2024 జూన్‌లో బడి తెరిచాక అట్టలు వేద్దామని తీస్తే లెక్కలు లేవు సరికదా, వరసగా ఊళ్ల పేర్లున్నాయి. అవీ మన ఊళ్లు కావు! యొత్సుయా, కామకురా, హిదా ఫురుకావా, వషినోమియా... ఒక్కో పేరు పక్కన ఏ స్టేషన్లో దిగాలో, అక్కణ్ణుంచి ఎటు నడవాలో, ఏ వేళకి వెళితే వెలుతురు బాగుంటుందో కూడా రాసుంది. బందరు నుంచి గుడివాడకి ఒక్కర్తీ రైల్లో వెళ్లి ఎరగని పిల్ల, టోక్యోలో దారులు రాసుకుని కూర్చుంది. పదో తరగతి కదా, నాకు ఒళ్లు మండిపోయింది.

"ఏమిటే ఇదంతా?"

"అనిమేలో కనబడే చోట్లమ్మా. అన్నీ నిజంగా ఉన్నాయి. ఉద్యోగం వచ్చాక వెళ్తాను" అంది తొణక్కుండా.

నోట్సు తీసుకెళ్లి బీరువాలో పెట్టి తాళం వేశాను. తల్లులందరం చేసేదే! కానీ రాత్రి అందరూ పడుకున్నాక నేనే బీరువా తీసి అది చదివాను. నిజం చెప్పొద్దూ, కథలు రాసేవాళ్లకి ఇంకొకరి నోట్సు కనబడితే చెయ్యి ఊరుకోదు.

అనిమే అంటే జపాను వాళ్ల బొమ్మల సినిమాలు, బొమ్మల సీరియళ్లు. మనకి బొమ్మల సినిమా అంటే చిన్నపిల్లల కాలక్షేపం. అక్కడ అలా కాదట. పెళ్లిళ్లు, చావులు, ఉద్యోగం పోయిన తండ్రులు, మాట్లాడుకోని అక్కచెల్లెళ్లు అన్నీ బొమ్మల్లోనే. పైగా కథ కల్పితమే అయినా, అది జరిగే వీధిని మాత్రం చాలాసార్లు నిజంగా ఉన్న వీధిని చూసి గీస్తారు. కరెంటు స్తంభం వంకర, గోడ మీద పెచ్చు ఊడిన చోటు... ఏదీ వదలరు.

మకోతో షింకాయ్ అనే దర్శకుడు 2016లో 'కిమి నో నా వా' అని ఒక సినిమా తీశాడు. దాని చివర ఒక అబ్బాయీ అమ్మాయీ మెట్ల మీద ఎదురుపడతారు. ఆ మెట్లు టోక్యోలో యొత్సుయా దగ్గర, సుగా అనే గుడి పక్కన ఉన్నాయి. మామూలు సందులో మామూలు మెట్లు, మధ్యలో ఎర్ర రంగు కమ్మీ. సినిమా వచ్చిన దగ్గర్నుంచి దేశదేశాల పిల్లలు అక్కడికి వెళ్లి, ఫోన్లో సినిమా బొమ్మ పెట్టుకుని, ఎదురుగా ఉన్న మెట్లతో సరిచూసుకుని అదే కోణంలో ఫొటో తీసుకుంటున్నారు. అదే సినిమాలో అమ్మాయి ఊరు ఇతోమొరి మాత్రం కల్పితం. ఆ అబ్బాయి చేత్తో గీసిన బొమ్మలు పట్టుకుని ఆ ఊరు వెతుక్కుంటూ దిగే స్టేషను హిదా ఫురుకావా నిజమైనది. ఆ బొమ్మలు చూసి ఒకాయన గుర్తుపడతాడు. తీరా చూస్తే ఆ ఊరు తోకచుక్క ముక్క పడి నాశనమైపోయి అప్పటికే మూడేళ్లయింది. ఈ సంగతి అప్పుడు నేను పెద్దగా పట్టించుకోలేదు.

ఇలా వెళ్లి చూసిరావడాన్ని అక్కడ 'సెయిచి జున్రెయి' అంటారు. మన మాటల్లో పుణ్యక్షేత్ర యాత్ర! వషినోమియా అనే పాతకాలపు గుడి 2007లో 'లక్కీ స్టార్' అనే సీరియల్లో కనిపించింది. మరుసటి ఏడు, అంటే 2008 కొత్త సంవత్సరం రోజుల్లో, ఆ గుడికి దాదాపు 3 లక్షల మంది వచ్చారు. మొక్కులు రాసి కట్టే చెక్కపలకల మీద సీరియల్లో ఆడపిల్లల బొమ్మలు గీసి కట్టారు. పూజారులు కసరలేదు. చుట్టుపక్కల కొట్లవాళ్లకి బేరాలు పెరిగాయి. 2016లో ఏకంగా ఒక సంఘం పెట్టి, షికొకు దీవిలో 88 గుళ్ల యాత్ర ఉన్నట్టే అనిమే చోట్లు 88 ఏరి ప్రకటించడం మొదలెట్టారు.

అన్నీ ముచ్చట్లే కావు లెండి. కామకురాలో సముద్రం ఒడ్డున ఒక రైల్వే గేటు ఉంది. 1990ల నాటి 'స్లామ్ డంక్' అనే బాస్కెట్‌బాల్ సీరియల్లో అది కనిపిస్తుంది. అక్కడ జనం రోడ్డుకి అడ్డంగా నిలబడి ఫొటోలు తీస్తుంటే, కారు పోనివ్వరనీ, చెత్త పారేస్తారనీ ఆ వీధివాళ్ల గోల. పాపం, వాళ్లు బట్టలు ఆరేసుకునే వీధి కదా అది! 'తెన్‌కి నో కో' అనే సినిమాలో మేడ మీద చిన్న గుడి ఉన్న పాడుబడ్డ భవనానికి మూలమైన యొయొగి భవనం, సినిమా వచ్చిన 2019లోనే కూలగొట్టేశారు. మా అమ్మాయి నోట్సులో ఆ పేరు కొట్టేసి, పక్కన 'ఇక లేదు' అని రాసుకుంది. ఆ రెండు మాటలూ చూసి నాకు కోపం సగం దిగిపోయింది. ఎందుకో చెప్పలేను.

"అక్కడేముంది చూడ్డానికి, మెట్లేగా?" అన్నారు మావారు మర్నాడు. నేనూ అదే అందామనుకుని ఆగాను. డిగ్రీ చదివే రోజుల్లో మా తెలుగు మేడమ్ మమ్మల్ని ఘంటసాల దగ్గరున్న శ్రీకాకుళం తీసుకెళ్లారు. కళింగ దండయాత్రకి వెళుతూ కృష్ణదేవరాయలు ఆగిన ఊరు, ఆంధ్రమహావిష్ణువు కల్లో కనబడి తెలుగులో కావ్యం రాయమన్న ఊరు. ఆ సంగతి రాయలే ఆముక్తమాల్యదలో చెప్పుకున్నాడు. ఆ మండపంలో మేం ముప్ఫైమందిమి నిలబడి స్తంభాలు తడుముతూ, రాయలు ఎటు తల పెట్టుకుని పడుకున్నాడో అని వాదులాడుకున్నాం. మొవ్వలో గోపాలస్వామి గుడి చూసినప్పుడూ అంతే, మాకు దేవుడికంటే క్షేత్రయ్యే ఎక్కువ. మండపంలో మాత్రం ఏముంది, స్తంభాలేగా! పుస్తకంలో చదివిన చోట కాళ్లు పెట్టాలనే కోరిక నాకుంటే భక్తి, నా కూతురికుంటే పిచ్చా? నోట్సు తిరిగి ఇచ్చేశాను. ఆదివారం మాత్రమే, అదీ లెక్కలయ్యాకే అని షరతు పెట్టాననుకోండి.

ఆ ఆదివారాల్లోనే ఒకనాడు మా అమ్మాయి టీవీలో 'సుజుమే' పెట్టింది. అదీ షింకాయ్ తీసిందే, జపానులో 2022 నవంబరులో వచ్చింది. మా అత్తయ్య కింద చాప మీద కూర్చుని చింతపండులో గింజలు తీస్తున్నారు. మాటలు జపాను భాష, కింద అక్షరాలు ఇంగ్లీషు. నాన్నమ్మ కోసం ఇది పైకి తెలుగులో చెబుతోంది.

సుజుమే పదిహేడేళ్ల పిల్ల. నాలుగేళ్లప్పుడు తల్లి పోతే పిన్ని పెంచుతుంది. జనం వదిలేసిన పాడుబడ్డ చోట్లలో ఒంటరి తలుపులు తెరుచుకుంటూ ఉంటాయి, వాటిని మూయకపోతే భూకంపం వస్తుంది. మూయాలంటే బలం చాలదు. ఒకప్పుడు ఆ చోట బతికినవాళ్లని తలుచుకోవాలి, వాళ్ల మాటలు చెవిన పడాలి. ఆ పిల్ల అలా దక్షిణాన మియజాకి నుంచి ఒక్కో ఊరే దాటుకుంటూ ఈశాన్య తీరంలో తన సొంత ఊరికి చేరుతుంది. 2011 మార్చి 11న సునామీ కొట్టుకుపోయిన తీరం అది. సుమారు 18 వేలమంది చనిపోయారు, గల్లంతయ్యారు. ఇల్లున్న చోట గడ్డి మొలిచి ఉంటుంది. ఆ పిల్ల మట్టి తవ్వి తన చిన్ననాటి డైరీ తీస్తుంది. మార్చి 11 దగ్గర్నుంచి పేజీలన్నీ నల్లరంగు పూసేసి ఉంటాయి.

"నాలుగేళ్ల పిల్ల కదా నాన్నమ్మా, రాయడానికి ఏమీ తోచక నలుపు పూసేసింది" అంది మా అమ్మాయి.

అత్తయ్య చెయ్యి ఆగిపోయింది. "అయితే ఆ పిల్లని ఊరికి వెళ్లనిచ్చారన్నమాట" అన్నారు. కాసేపాగి, "నన్ను వెళ్లనివ్వలేదు" అన్నారు.

అత్తయ్య పుట్టిల్లు దివిసీమలో, పాలకాయతిప్ప వైపు సముద్రానికి దగ్గర్లో ఒక చిన్న ఊరు. 1977 ఎండాకాలంలో, పదిహేడో ఏట, గుడివాడ కోడలిగా వచ్చారు. ఆ నవంబరు 19 శనివారం, కార్తీకమాసం. గుడివాడలో రాత్రంతా గాలికి చెట్లు కూలాయి. దివిసీమలో ఉప్పెన వచ్చింది. అధికార లెక్క ప్రకారమే పదివేల మంది పోయారు. ఆ లెక్క చాలా తక్కువని ఇప్పటికీ అంటారు. అత్తయ్య అమ్మానాన్నలు, ఇద్దరు తమ్ముళ్లు, ఒక చెల్లెలు... ఎవరూ మిగల్లేదు. మామగారు, ఆయన అన్నగారు నాలుగోనాటికి వెళ్లొచ్చారు. నూతి దగ్గర స్నానాలు చేసి, ఎవరితోనూ మాట్లాడకుండా పడుకున్నారట. "ఆడవాళ్లు చూసేది కాదు" అన్నారు. తర్వాత వెళదాం అన్నారు. తర్వాత పిల్లలు, పురుళ్లు, చదువులు. ఓసారెప్పుడో అడిగితే "అక్కడేముంది ఇప్పుడు చూడ్డానికి?" అన్నారట. మామగారూ పోయారు. బందరు వచ్చేశాం. బందరు నుంచి అవనిగడ్డ ఎంత దూరం? బస్సెక్కితే పూటలో వెళ్లి రావచ్చు. నలభై ఏడేళ్లలో ఆవిడ ఆ బస్సు ఎక్కలేదు.

నేను ఆ ఇంటికి కోడలిగా వచ్చి పదహారేళ్లు. ఈ సంగతి ముక్కలు ముక్కలుగా తెలుసు, కూర్చుని ఎప్పుడూ అడగలేదు. అడక్కపోగా ఉప్పెన మీద ఒక కథ రాశాను! పాత పత్రికలు తిరగేసి, ఏటేటా నవంబరులో వచ్చే వ్యాసాలు చదివి. ఆ కథ మెచ్చుకుంటూ ఉత్తరాలొస్తే ఇంట్లో అందరికీ చదివి వినిపించాను కూడా. అత్తయ్య విని, "బాగుందమ్మాయ్" అని లోపలికి వెళ్లిపోయారు.

సినిమా అయ్యాక మా అమ్మాయి ఎర్ర నోట్సు తెచ్చుకుంది. "నాన్నమ్మా, మీ ఊరు నాకు చెప్పు. బొమ్మ వేస్తాను. అది పట్టుకుని వెళదాం" అంది. దానికి యాత్ర అంటే అదే పద్ధతి మరి, చేతిలో బొమ్మ ఉండాలి, ఎదురుగా చోటుండాలి. అన్నట్టు, దానికి అప్పటిదాకా ఉప్పెన అంటే 2021లో వచ్చిన సినిమా పేరే. పాటలన్నీ వచ్చు. మన నేల మీద ఆ మాటకి అంతకుముందే ఒక అర్థం ఉందని, మన బందరునే 1864లో ముంచేసి ముప్ఫైవేల మందిని పొట్టన పెట్టుకుందని దానికి చెప్పినవాళ్లు లేరు. చెప్పాల్సింది నేనే కదా.

మూడు నాలుగు సాయంత్రాలు పట్టింది ఆ బొమ్మ. తూర్పు ముఖం తాటాకిల్లు. ముందు అరుగు. ఎడంపక్క గడ్డివాము, వెనక నుయ్యి, దూరంగా తాళ్లు, కాలవ. అత్తయ్య చెబుతుంటే ఇది గీస్తుంది, ఆవిడ కాదంటే చెరుపుతుంది. వంటింట్లోంచి వింటూ నేను కూర మాడ్చుకున్న రోజూ ఉంది.

2024 దసరా సెలవుల్లో ముగ్గురం బయల్దేరాం. మావారు కారు మాట్లాడతానన్నారు. అత్తయ్య బస్సే అన్నారు. చల్లపల్లి, మోపిదేవి దాటి పులిగడ్డ దగ్గర కృష్ణ దాటాం. కాలవనీళ్లని కృష్ణపాయ మీదుగా దివిసీమలోకి మోసుకుపోయే పాత అక్విడక్టు చూపించి, "చిన్నప్పుడు ఇది దాటితే మా ఊరు వచ్చేసినట్టే" అన్నారు అత్తయ్య. పుట్టింటికి వెళ్లే ఆడపిల్ల గొంతు అది. నేను కిటికీ వైపు తిరిగాను.

అవనిగడ్డ దగ్గర ఉప్పెనలో పోయినవాళ్ల స్మారకం ఉంది. నీళ్లు ఎక్కడిదాకా వచ్చాయో దానికి అదే గుర్తు. జపానులో మియాకో దగ్గర అనెయొషి అనే ఊళ్లోనూ ఇలాంటి రాయి ఒకటుందని మా అమ్మాయి చెప్పింది. 1933 సునామీ తర్వాత పెద్దవాళ్లు నిలబెట్టారట, ఈ రాయికి దిగువన ఇళ్లు కట్టొద్దని. ఊరివాళ్లు ఆ మాట విన్నారు, 2011లో నీళ్లు ఆ రాయికి కాస్త దిగువనే ఆగిపోయాయి. అత్తయ్య స్మారకం చుట్టూ ఒకసారి తిరిగొచ్చారు. "ఇక్కణ్ణుంచి సముద్రం కనబడదు కదే!" అన్నారు, మనవరాలితో. నిజమే, ఎటు చూసినా వరిచేలే.

అవనిగడ్డలో ఆటో మాట్లాడుకుని కోడూరు మీదుగా వెళ్లాం. ఊరు ఉందని, లేదని చెప్పలేను. ఉప్పెన తర్వాత వేరేచోట కట్టిన కాంక్రీటు ఇళ్లు, పెచ్చులూడి కొన్ని, కొత్త డాబాలు కొన్ని. స్తంభాల మీద నిలబెట్టిన తుఫాను షెల్టరు. పాత ఊరెక్కడ అని అడిగితే ఒక ముసలాయన చెయ్యి చాపి చూపించాడు. అక్కడ రొయ్యల చెరువులున్నాయి. నీళ్లలో చక్రాలు గిరగిరా తిరుగుతున్నాయి.

మా అమ్మాయి నోట్సు తెరిచి, బొమ్మ ఎత్తి పట్టుకుని నిలబడింది. ఒక్క గీత కలిస్తే ఒట్టు. దాని మొహం చూసి జాలేసింది, యొయొగి భవనం పక్కన రాసుకున్న రెండు మాటలు గుర్తొచ్చాయి. అత్తయ్య ఏమీ తొట్రుపడలేదు. అటూ ఇటూ చూసి, "కాలవ అదేనే, కాలవ మారలా" అన్నారు. మనవరాలి భుజాలు పట్టుకుని కాస్త కుడికి తిప్పారు. "ఇదిగో, ఇటు. ఇది మా అరుగు. ఆ చక్రం తిరిగే చోట నుయ్యి."

తర్వాత గట్టు మీద నడుస్తూ ఇళ్లు చెప్పడం మొదలెట్టారు. మా పక్కన బాబాయిగారిది, దాని పక్కన పాల వాళ్లది, ఎదురుగా కొత్తగా పెళ్లయినవాళ్లది, ఆ పిల్ల నేను పెళ్లికెళ్లేప్పుడు నా జడ వేసింది... అరగంట పైనే చెప్పారు. కన్నీళ్లు పెట్టుకోలేదు. కొన్ని పేర్ల దగ్గర ఆగి నవ్వారు కూడా. "సుజుమే తలుపు మూసేటప్పుడు ఇలాగే వింటుందమ్మా" అంది మా అమ్మాయి నా చెవిలో. అది వంగి నోట్సులో గబగబా రాసుకుంటోంది, ఏ ఇంటి పక్కన ఏ ఇల్లో, ఎంతమందో. కథారచయిత్రిని నేను, కలం కూడా తెచ్చుకోలేదు!

"ఉప్పెన అర్ధరాత్రి రాలేదమ్మాయ్" అన్నారు అత్తయ్య నా వైపు తిరిగి. "దీపాలు పెట్టే వేళకొచ్చింది. తాటిచెట్టు పట్టుకుని బతికిన మా బాబాయి కొడుకు చెప్పాడు. అమ్మ అప్పుడే పొయ్యి రాజేస్తోందట."

నా కథలో ఉప్పెన అర్ధరాత్రి వస్తుంది. అందరూ నిద్రలో ఉండగా. అలా అయితే చదివేవాళ్లకి గుండె పట్టేస్తుందని రాశాను.

అక్కణ్ణుంచి హంసలదీవి వెళ్లాం. గోపాలస్వామి గుడిలోకి చేరినవాళ్లు ఆనాడు బతికారని చెబుతారు. దర్శనం చేసుకుని, కృష్ణమ్మ సముద్రంలో కలిసే వైపు వెళ్లాం. ఎండ వాలింది, మడచెట్ల మీద కొంగలు వాలుతున్నాయి, నీళ్లు వెండిలా ఉన్నాయి. "ఎంత బాగుందో!" అనేశాను. అత్తయ్య నా మొహంలోకి చూశారు. సినిమాలోనూ సరిగ్గా ఇలాగే, కారు నడిపే కుర్రాడు ఆ తీరం అందంగా ఉందంటాడు. సుజుమే ఆశ్చర్యపోయి చూస్తుంది, ఇదా అందం అన్నట్టు. నాలుక కరుచుకున్నాను. అత్తయ్యే కాసేపాగి, "బాగానే ఉంటుంది. మా నాన్న కూడా అనేవాడు" అన్నారు.

తిరుగు బస్సులో ఖాళీ ఎక్కువ. మా అమ్మాయి నా ఒళ్లో తలపెట్టి నిద్రపోయింది. చల్లపల్లి దాటాక అత్తయ్య దాని సంచీలోంచి ఎర్ర నోట్సు తీసి, చిన్న పెన్సిలు పట్టుకుని ఏదో గీయడం మొదలెట్టారు. బస్సు కుదుపులకి చెయ్యి ఊగుతోంది. "కోళ్లగూడు మర్చిపోయానమ్మాయ్, చెల్లెలు పొద్దున్నే దాని తలుపు తీసేది" అన్నారు. ఇంటికొచ్చాక దీపం వెలుతుర్లో చూశాం. కోళ్లగూడు ఇల్లంత ఉంది, గడ్డివాముని సగం మింగేసింది. మా అమ్మాయి రబ్బరు తీసింది, మళ్లీ డబ్బాలో పెట్టేసింది.